ఉట్టి నుండి అలమార వరకు: వంటింటి శుభ్రత చరిత్ర

వంటింటిలో తలుపులు గల అలమార మనకు ఇటీవలి చుట్టమే. పూర్వం తెలుగు ఇళ్లలో పాలు, పెరుగు ఉట్టి మీద, చిన్న జాడీలు గోడగూటిలో, ధాన్యం గుమ్మిలో ఉండేవి. ఉట్టికి గాలి తగిలేది. పిల్లికీ ఎలుకకూ అది సులభంగా అందేది కాదు. గూడు తెరచి ఉన్నందున దుమ్ము పడితే ఇల్లాలి కంట పడేది.

నేడు పారిశ్రామిక వాడగా పేరొందిన చందనవెల్లి రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలంలోనిది. మనం ‘షాబాదు బండ’ అని పిలిచే రాయికి మాత్రం ఆ పేరు కర్ణాటకలోని షాబాదు పట్టణం వలన వచ్చింది. 1956 వరకు ఆ ఊరూ హైదరాబాదు రాష్ట్రంలోనిదే. ఆ బండ, తాండూరు నాపరాయి రెండూ సున్నపురాయి జాతివే. కనుక ఈ రాతి అరలను యాసిడ్‌తోగాని, నిమ్మరసంతోగాని తోమరాదు. రాయి తినివేయబడి గరుకెక్కి, మురికిని పట్టుకుంటుంది.

1912లో అమెరికాలో ఫార్మైకా రేకు పుట్టింది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కొరకు అమరిక అలమారలతో వంటగదిని రూపొందించారు. పురుగు పట్టకుండా పిండి సొరుగులను ఓక్ చెక్కతో చేయించారు. నేటి మాడ్యులర్ కిచెన్‌కు మూలం అదే.

సౌకర్యం పెరిగింది, కాని తలుపు మురికిని దాచింది. పండుగ ముందు సామానంతా బయటపెట్టి గోడలకు సున్నం కొట్టే ఆనవాయితీ సన్నగిల్లింది. చీకటి, తేమ, ఆహారపు తునకలు చేరినచోట బొద్దింక కాపురం పెడుతుంది. దాని విసర్జన, శరీరపు పొట్టు కొందరిలో ఉబ్బసాన్ని రేపుతాయి. బూజు పట్టిన వేరుశనగలో కాలేయానికి హాని చేసే అఫ్లటాక్సిన్ ఉండవచ్చు. బూజు తుడిచి వాడుకోవడం క్షేమం కాదు.

కనుక నెలకొకసారి అరలన్నీ ఖాళీ చేయండి. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి. పిదప పొడిగుడ్డతో ఒత్తి, తలుపులు తెరచి ఆరనివ్వండి. సింకు క్రింది ప్లైవుడ్ అంచులు ఉబ్బినవేమో చూడండి. నీటి కారుడును ముందుగా ఆపించండి.

ఒక్క మాట మరువకండి. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో కలిపితే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. యాసిడ్, ఫినాయిలు, కిరోసిన్ వంటివాటిని మంచినీళ్ల సీసాలలో పోయవద్దు. సింకు క్రింద పసిపిల్లలకు అందేలా ఉంచవద్దు. బిడ్డ పొరపాటున త్రాగితే వాంతి చేయించక, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఉట్టిని ఎత్తున కట్టిన పెద్దల జాగ్రత్త మన అలమారకూ వర్తిస్తుంది.