క్యూ చెక్కే చేయి, ఆడే చేయి

బిలియర్డ్స్, స్నూకర్, పూల్... ఏ ఆటైనా ఆటగాడి చేతిలో ఉండే పనిముట్టు ఒక్కటే. కొసకు సన్నబడుతూ పోయే చెక్క కర్ర, దాని చివర అంటించిన చిన్న తోలు ముక్క. పేరు క్యూ. చూడటానికి ఇంత సాదా వస్తువు మరొకటి ఉండదనిపిస్తుంది. రెండు వందల ఏళ్లలో ఈ కర్రకు వచ్చిన ముఖ్యమైన మార్పులను వరుసగా చూస్తే, వడ్రంగుల కంటే ఆటగాళ్ల పేర్లే ఎక్కువగా ఎదురవుతాయి. క్యూలో ఉన్న లోపం లేత్ మీద తిరుగుతున్నప్పుడు బయటపడదు. బల్ల దగ్గర నిలబడి బంతిని కొట్టినప్పుడే తెలుస్తుంది.

జైలు గదిలో తోలు ముక్క

తొలినాళ్ల క్యూలకు చివర తోలు ఉండేది కాదు. బంతిని సరిగ్గా మధ్యలో కొడితే ఫర్వాలేదు, కాస్త పక్కకు కొడితే చెక్క జారిపోయేది. ఫ్రెంచ్ సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన ఫ్రాన్స్వా మింగో రాజకీయ ఖైదీగా పారిస్‌లోని బిసెత్ర్ జైలులో ఉన్నప్పుడు క్యూ కొసకు తోలు అంటించి ఆడటాన్ని సాధన చేశాడు. 1807 ప్రాంతంలో అది కుదిరింది. బంతిని తనకు కావలసిన వైపు గిరగిరా తిప్పగలిగాడు. పరిశోధన పూర్తయ్యే దాకా జైల్లోనే ఉంచమని అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, బయటికొచ్చాక అతని ఆట చూసి జనం విస్తుపోయారు. 1827లో ఆ విద్యను పుస్తకంగా రాశాడు.

తోలుకు పట్టు కావాలి. అందుకే దానికి చాక్ రాస్తారు. ఇప్పుడు మనం చూసే నీలం చాక్ కూడా ఒక ఆటగాడి పుణ్యమే. అమెరికన్ క్యారమ్ బిలియర్డ్స్ ఆటగాడు విలియం స్పింక్స్‌కు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక చాక్ ముక్క బాగా నచ్చింది. రసాయన శాస్త్రవేత్త విలియం హాస్కిన్స్‌కు చూపిస్తే అది అసలు సుద్దే కాదని, ఎట్నా ప్రాంతపు అగ్నిపర్వత బూడిద అని తేలింది. ఇద్దరూ కలిసి సిలికా, కొరండం లాంటి రాపిడి పదార్థాలతో కొత్త మిశ్రమం తయారు చేసి 1897 మార్చి 9న పేటెంట్ పొందారు. అప్పటి నుంచి అది పేరుకే చాక్.

పందెం ఆటగాళ్ల కార్ఖానా

అమెరికాలో క్యూ తయారీ అనగానే ముందు వినిపించే పేరు జార్జ్ బలబుష్కా. 1912లో రష్యాలో పుట్టి, 1924లో న్యూయార్క్ చేరి, వడ్రంగం చేస్తూ, పిల్లల బొమ్మలు తయారు చేస్తూ బతికాడు. 1959లో ఒక భాగస్వామితో కలిసి పూల్ హాల్ కొన్నాడు. అక్కడి క్యూలు బాగుచేస్తూ, స్నేహితులకు కానుకగా కొన్ని చేసిస్తూ ఈ పనిలోకి దిగాడు. 1975లో చనిపోయే నాటికి ఆయన చేసినవి వెయ్యికి కాస్త అటూ ఇటూగా ఉంటాయని అంచనా. ఇప్పుడు వాటిని కొనాలంటే వేల డాలర్లు పెట్టాలి.

అసలైన ఆటగాడు-తయారీదారుల కథ మాత్రం బాల్టిమోర్‌ది. డాన్ జేన్స్, బిల్ స్ట్రౌడ్ ఇద్దరూ ఊరూరా తిరిగి డబ్బు పందేలకు పూల్ ఆడిన వాళ్లు. 1968లో జాస్ పేరుతో క్యూల దుకాణం తెరిచారు. తర్వాత స్ట్రౌడ్ విడిపోయి జాస్ వెస్ట్ పెట్టుకున్నాడు. రాత్రి భోజనం, రేపటి పెట్రోలు ఒక్క దెబ్బ మీద ఆధారపడిన మనిషికి క్యూ ఎలా ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. 1986లో మార్టిన్ స్కోర్సేసీ తీసిన ‘ద కలర్ ఆఫ్ మనీ’లో టామ్ క్రూజ్ చేతిలో కనిపించే ‘బలబుష్కా’ నిజానికి వీళ్ల దుకాణంలో, అదే పోలికతో తయారైన జాస్ క్యూ.

చేతికి తెలిసే లెక్క

ఆటగాడికి తెలిసి, కొలబద్దకు సులువుగా దొరకనిది ఏమిటి? బంతిని మధ్యకు కుడివైపున కొడితే అది గురిపెట్టిన గీత మీద పోదు, కొద్దిగా ఎడమకు జరుగుతుంది. దీన్ని స్క్విర్ట్ అంటారు. క్యూ ముందు భాగంలోని కొన్ని అంగుళాలు ఎంత బరువుంటే అంత ఎక్కువ జరుగుతుంది. ఆటగాడు ఏళ్ల సాధనతో తన క్యూ ఎంత జరుపుతుందో తెలుసుకుని, ఆ మేరకు గురి మార్చి కొడతాడు. కొత్త క్యూ చేతికిస్తే ఆ లెక్కంతా తప్పుతుంది. అందుకే తయారీదారుడు ఆడి చూస్తాడు. మాపుల్ చెక్కను ఒక్కసారిగా చెక్కేయకుండా, పలుచటి పొర తీసి, నెలల తరబడి ఆరనిచ్చి, మళ్లీ తీయడంలోని ఓపిక వడ్రంగిది. ఎక్కడ ఆపాలో చెప్పేది ఆట. 1990ల్లో ప్రెడేటర్ సంస్థ ‘ఐరన్ విల్లీ’ అనే యంత్రంతో బంతులు కొట్టించి ఈ జరుగుడును కొలిచాక, ఆ జ్ఞానంలో కొంత కాగితం మీదికి వచ్చింది.

ఏనుగు దంతం నిషేధం ఈ పనిని గట్టిగా తాకింది. క్యూ కొసన తోలు కింద ఉండే ఫెర్రూల్, మధ్యలో జాయింట్, పిడి మీది పొదుగు పని... వీటన్నిటికీ దంతం వాడేవారు. ఇలాంటి దెబ్బే మన దేశంలో సూరత్ తిన్నది. తెలుగు నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఆ ఊరికి మరమగ్గాలు, వజ్రాలు రాకముందు నుంచే సాదేలి అనే పొదుగు కళ ఉంది. పర్షియా నుంచి వచ్చిందంటారు. దంతం, ఎబొనీ, తగరం, రంగు చెక్కల సన్న కడ్డీలను నక్షత్రం ఆకారంలో కట్టగా అంటించి, ఆ కట్టను అడ్డంగా పలుచటి బిళ్లలుగా కోసి పెట్టెల మీద అతికిస్తారు. భారత్‌లో 1986లో దేశీయ దంతం, 1991లో ఆఫ్రికా దంతం వ్యాపారం ఆగిపోయాయి. అమెరికా 2016లో నిబంధనలు బిగించింది. పెట్టె మీద దంతం బదులు ప్లాస్టిక్ పెడితే మారేది అందం. ఫెర్రూల్ మారితే ముందు భాగం బరువు మారుతుంది, దాంతో దెబ్బా మారుతుంది. కాబట్టి క్యూలవాళ్లు ప్రత్యామ్నాయాన్ని కంటితో ఎంచుకుంటే సరిపోదు, బల్ల మీద తేల్చుకోవాలి.

మన మార్కర్లు

స్నూకర్ 1875లో జబల్‌పూర్‌లో బ్రిటిష్ అధికారుల మధ్య పుట్టిన ఆట. ప్రపంచ ప్రొఫెషనల్ బిలియర్డ్స్ టైటిల్‌ను అయిదుసార్లు గెలిచిన గీత్ సేథీ అహ్మదాబాద్‌లో పెరిగినవాడు. కానీ క్యూ పని దగ్గరికొస్తే మన దేశంలో గుర్తుపెట్టుకోవలసింది క్లబ్బు మార్కర్‌ని. స్కోరు చెప్పడం, బల్ల తుడవడం, జోడీ లేని సభ్యుడితో ఆడటం, పాడైన తోలు పీకి కొత్తది అంటించడం అన్నీ అతని పనులే. ఇంగ్లండ్‌లోనూ 1820ల్లో బాత్ నగరపు మార్కర్ జాక్ కార్, బంతిని తిప్పే విద్య నేర్చుకుని, ‘తిప్పే సుద్ద’ అంటూ మామూలు చాక్ అమ్ముకున్నాడట!

తోలు అంటించడం చిన్న పనిలా ఉంటుంది. పాత జిగురు పూర్తిగా గీకకపోయినా, తోలును సరైన గుండ్రంగా అరగదీయకపోయినా మంచి క్యూ కూడా జారుతుంది. మార్కర్ అరగదీసి, రెండు బంతులు కొట్టి, చెవి పెట్టి శబ్దం విని, మళ్లీ ఆకురాయి అందుకుంటాడు. కార్బన్ ఫైబర్ షాఫ్టులు వచ్చాక వానాకాలపు తేమకు క్యూ వంగుతుందన్న బెంగ తగ్గింది. వాటి చివర కూడా తోలే ఉంటుంది. అది అరిగినప్పుడల్లా ఎవరో ఒకరు మార్చి, కొట్టి చూడాలి.