అనుమతి ఎవరిచ్చారు? యెరూషలేము నుంచి లంబసింగి దాకా

క్రీస్తుపూర్వం 520లో యెరూషలేములో కూలిన దేవాలయాన్ని తిరిగి కడుతున్నారు. హగ్గయి, జెకర్యా ప్రవక్తల ప్రోత్సాహంతో జెరుబ్బాబెలు, యేషూవ పనికి పూనుకున్నారు. పారసీక రాజు తరఫున యూఫ్రటీసు నది అవతలి సీమను ఏలే తత్తెనై వచ్చి నిలదీశాడు. కట్టమని సెలవిచ్చిందెవరు? కట్టిస్తున్నవాళ్ల పేర్లేమిటి? బైబిలులోని ఎజ్రా గ్రంథం 5, 6 అధ్యాయాల్లో ఉన్నది ఈ విచారణే.

పెద్దలు తడబడలేదు. నెబుకద్నెజరు గుడిని కూల్చిన నాటి నుంచి, కోరెషు రాజు తిరిగి కట్టుకోమని ఆజ్ఞాపించిన దాకా జరిగిందంతా చెప్పారు. తత్తెనై ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు దర్యావేషు రాజుకు రాసి, పాత దస్త్రాలు వెతికించమన్నాడు. జవాబు వచ్చేదాకా పని మాత్రం ఆపించలేదు. ఎగ్బతానా నగరంలో కోరెషు ఆజ్ఞాపత్రం దొరికింది. ఖర్చు రాజు ఖజానాయే భరించాలని కూడా అందులో ఉంది. 515లో ఆలయం పూర్తయింది.

తత్తెనై నిజంగా ఉన్నవాడే; అతని పేరున్న క్రీ.పూ. 502 నాటి మట్టిపలక ఒకటి బయటపడింది. ఈజిప్టులోని ఎలిఫెంటైన్ దీవి యూదులకూ ఇలాంటి కష్టమే వచ్చింది. 410లో వాళ్ల గుడి నేలమట్టమైతే, తిరిగి కట్టుకునే అనుమతి కోసం 407లో యూదా అధికారికి అర్జీ పెట్టుకున్నారు.

మన తూర్పు కనుమల్లో అనుమతి ఎవరిచ్చారన్న అదే ప్రశ్న 1882 మద్రాసు అటవీ చట్టంతో గట్టిగా వినిపించింది. అడవి రిజర్వు అయ్యాక, తాతల నాటి పోడు సేద్యం అనుమతి లేని పనైంది. పెద్దలు చెబితే వినే తత్తెనై లేడు. గిరిజనుల హక్కు రాసిపెట్టిన ఎగ్బతానా లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా సాగే ఘాట్ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీలను పీడించాడు. వాళ్ల కసి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు అండ అయింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి జరిగింది.

స్వాతంత్ర్యం తర్వాత ప్రశ్న మెల్లగా దిశ మార్చుకుంది. 1970లో వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. 1997లో సమత కేసు తీర్పుతో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే నిలదీసింది. గిరిజన ప్రాంత భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకిచ్చే అధికారం ప్రభుత్వానికీ లేదని తేల్చింది.

2006 అటవీ హక్కుల చట్టం దగ్గరికి వచ్చేసరికి ఎజ్రా గ్రంథంలోని విచారణ పద్ధతి మళ్లీ కనిపిస్తుంది. ఊరి పెద్దల వాంగ్మూలాన్ని రాసుకుంటే అది సాక్ష్యం. పవిత్ర వృక్షాలు, శ్మశానాలు, పాత కట్టడాల ఆనవాళ్లు కూడా సాక్ష్యాలే. హక్కు కోరే దరఖాస్తును మొదట వినాల్సింది గ్రామసభ. పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ భూమి నుంచి వెళ్లగొట్టకూడదని 4(5) సెక్షన్ చెబుతోంది.

అనుమతి ఉందా అని అధికారి అడగడం తప్పు కాదు. అడిగినవాడు పెద్దల మాట వినాలి, ఆధారం తానే వెతకాలి, తేలేదాకా చేస్తున్న పనిని చెడగొట్టకూడదు. కాగితం లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తోసిపుచ్చే ప్రతి అధికారికీ ఈ మూడు బాధ్యతలూ గుర్తుచేయాలి.