గుండు, గొట్టము: చెన్నపట్టణపు కోటనుండి రంప మన్యము వరకు

చెన్నపట్టణమున సెయింటు జార్జి కోటలోపల 1795లో కట్టిన పాతమేడ యొకటి కలదు. పూర్వము వర్తకులు కూడి బేరసారములు సాగించిన ఆ మేడలో 1948 జనవరి 31వ తేదీన వస్తుప్రదర్శనశాల తెరవబడెను. అందలి తుపాకులను, కత్తులను చూచి అచ్చెరువందువారు పెక్కుమంది. ఈ తుపాకిలో ఏ గుండు పట్టును, ఆ గుండు ఎవరు చేసిరి అని యడుగువారు మాత్రము అరుదు. దండయాత్రల చరిత్రలోను, తిరుగుబాట్ల చరిత్రలోను ఈ రెండవ ప్రశ్నయే విలువైనది.

మాటలను బట్టి చూచినను కొంత తెలియగలదు. తుపాకి యను మాట తురుష్కభాషనుండి వచ్చినది. ఫిరంగి యనునది ఐరోపావారికి తూర్పుదేశములలో నున్న పేరు. గుండు మాత్రము మన దేశ్యపదమే. ఆయుధము పరాయిదైనను, అందు దట్టించు సీసపు గుండ్లను ఊరివాడు తన పొయ్యిమీదనే కరగి పోసికొనగలిగెను. ఈ వ్యాసమునకు మూలము ఆ సంగతియే.

తుపాకి లేక గుండు మాత్రమే దొరకినప్పుడు దానిని గుర్తించుట యెట్లు? మొదట తూచవలెను, పిమ్మట అడ్డుకొలత తీయవలెను. పూర్వపు ఇంగ్లీషువారు గొట్టపు కొలతను తూనికతోనే చెప్పెడివారు. నేటికిని పల్లెలలో 12 బోరు తుపాకి యనుమాట వినబడును. ఆ గొట్టమునకు సరిపోవు సీసపు గుండ్లు ఒక పౌనునకు 12 తూగునని దాని యర్థము. కంపెనీ సిపాయిలు పట్టిన మస్కెట్టు గొట్టపు లోపలి కొలత ముప్పాతిక అంగుళము, అనగా సుమారు 19 మిల్లీమీటర్లు. అందు వేయు గుండు 17.5 మిల్లీమీటర్లు మాత్రమే యుండి సుమారు 31 గ్రాములు తూగెడిది. మసి పేరుకొన్న గొట్టములోనికి త్వరగా దిగవలెనని గుండును కావలసియే చిన్నదిగా చేసిరి. గురి చెడినను పని జరిగెడిది. కావున ఎక్కడి గుండైనను రవంత ఎక్కువ తక్కువగా ఉన్నను ఆ తుపాకి కాదనలేదు.

అచ్చును బట్టి గుండును గుర్తించుటయు పాతవిద్యయే. 1835లో ఇంగ్లండున సౌతాంప్టనులో, దొంగలు తనపై తుపాకి పేల్చిరని ఒక సేవకుడు మొరపెట్టుకొనగా, విచారణకు వచ్చిన హెన్రీ గొడార్డు ఆ గుండుమీద చిన్న బుడిపె నొకదానిని కనుగొనెను. సేవకుని సొంత అచ్చులో అదే చోట లోపము కనబడెను. దొంగలును లేరు, దాడియు లేదు! గొట్టములో మెలికగా గాడులు కోసిన రైఫిళ్లు వచ్చిన పిదప గుండుమీద ఆ గాడుల జాడయు పడజొచ్చెను. ఎన్ని గాడులు, ఏ వైపునకు తిరిగినవి, ఎంత వెడల్పు అనునవి లెక్కించి గుండు ఏ జాతి తుపాకినుండి వెడలెనో నేటి పరీక్షకులు చెప్పగలరు.

ఈ రైఫిళ్లతోనే గుండునకును గొట్టమునకును గల సంబంధము బిగిసెను. గుండు పెద్దదైనచో గొట్టములో ఇరుకుకొని లోపలి ఒత్తిడి హద్దుమీరును. గొట్టము పగిలి కాల్చువాని చేతులకే ముప్పు రావచ్చును. చిన్నదైనచో గాడులను పట్టుకొనక గురి తప్పును. 1857నాటి ఎన్ఫీల్డు తూటాకు పూసిన కొవ్వును గూర్చి ఎల్లవారును ఎరుగుదురు, దానిని మరల చెప్ప నక్కరలేదు. అంతకన్న తక్కువగా తెలిసినది తరువాత జరిగిన సంగతి. ఎన్ఫీల్డు రైఫిలు గొట్టము సుమారు 14.7 మిల్లీమీటర్లు. తిరుగుబాటు అణగిన పిమ్మట దేశీయ సిపాయిల కొరకు 1858 నమూనా యనునది వచ్చెను. పైకి అదే తుపాకి, లోపల గాడులు లేవు. గొట్టము సుమారు 16.5 మిల్లీమీటర్లకు వెడల్పు చేయబడెను. తెల్లవారి గుండు అందులో వదులై దొరలును, సిపాయి గుండు తెల్లవారి గొట్టములో దిగనే దిగదు. ఇది కమ్మరి పొరపాటు గాదు, రాజనీతి.

ఆ నీతి తరువాతను సాగెను. 20వ శతాబ్దిలో పోలీసుల కొరకు .303 రైఫిళ్లనే గాడులు లేని .410 మస్కెట్టులుగా మార్చిరి. ఒకమారు ఒక్క తూటాయే పట్టునట్లు తూటాల గదిని కొయ్యతో మూసిరి. ఆ మస్కెట్టు తూటా .303 రైఫిలులో దూరదు. పేర్లును మోసగించును: .303 అనబడు గుండును కొలిచినచో అడ్డుకొలత .311 అంగుళములుండును, ఏలయన పేరు గాడుల నడుమనున్న మిట్టలను బట్టి పెట్టినది. అంతే గాదు, ఆ పేరుగల గుండ్లలో గుండ్రని మొనగల పాతది సుమారు 13.9 గ్రాములు, 1910లో వచ్చిన వాడిమొన గుండు 11.3 గ్రాములు. ఒకదానికి అమర్చిన గురి మరొకదానికి కుదరదు.

వీనికన్న గట్టి తాళము ఇత్తడి తూటా. గుండు, మందు, రంజకము మూడును ఒకే గుల్లలో నిమిడిన పిదప సీసము కరగుట చాలదయ్యెను. పేల్చిన గుల్లను మరల నింపవలెనన్నను, దెబ్బకు అంటుకొను రంజకపు టోపీ పల్లెలో దొరకదు. దమ్‌దమ్‌లో 1846లోను, కిర్కీలో 1869లోను నెలకొన్న సర్కారు కర్మాగారములు తుపాకి మందుగుండునకు ముఖ్యస్థానములయ్యెను. 1878 ఆయుధ చట్టముతో లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుటయే నేరమయ్యెను.

ఈ మార్పు తెలుగునాట ఎంతటి ఫలమిచ్చెనో రంప మన్యపు రెండు పితూరీలను పక్కపక్కన నిలిపినచో తెలియును. 1879–80 పితూరీనాటి నాటు తుపాకికి సీసము, సురేకారము, గంధకము, బొగ్గు ఉన్న చాలును. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి ఠాణాపై పడెను. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు దినములలో చిక్కినవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. పట్టుకొనిన ఆయుధముల లెక్కను ఠాణా పుస్తకములోనే వ్రాసి సంతకము చేసెనని ప్రసిద్ధి. చరిత్రకారులు ఆ సంతకములోని ధీరత్వమునే మెచ్చుకొందురు, తగును. కాని ఆ లెక్కను భాగించి చూడవలెను: తుపాకికి సుమారు 96 తూటాలు. అభ్యాసమునకు, వేటకు, బెదరింపునకు, పోరునకు అన్నిటికిని అవియే.

తుపాకియు తూటాయు ఒకే ఠాణాలోనివి గావున ఏ గుండు ఎందులో పట్టునను సందేహము వారికి కలుగలేదు; ఠాణానే ఎంచుకొనుటలోని తెలివి అది. దొరల వేటతుపాకియో, వేరుపటాలపు రైఫిలో చిక్కినచో దాని తూటాలు అయిపోయిననాడు అది కర్రతో సమానము. ఆ సంవత్సరము డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము వద్ద పోరులో మన్యవీరులు నష్టపడిరి. పిమ్మట నెలల తరబడి అలికిడి లేక, 1923 ఏప్రిలు 17న సీతారామరాజు అన్నవరమున కనబడెను. 1924 మే 7న పట్టుబడి కాల్చివేయబడెను.

మన్యపు పితూరీదారునకు 1879లో మందు తరిగినచో మరునాడు నూరుకొనుటకు వీలుండెను. 1922లో తూటా తరిగినవానికి మరియొక ఠాణాను వెదకుట తప్ప వేరు దారి లేదు. ఆ ఠాణా ఎక్కడనున్నదో సర్కారునకును తెలియును.