వంగ ఆకుపై మచ్చల పురుగు: మందు కొట్టే ముందు దగ్గరి ఫొటో తీయండి

పెరటి వంగ మొక్కలపై నల్ల మచ్చలున్న గుండ్రటి పెంకు పురుగు కనిపిస్తే వెంటనే మందు పిచికారీ చేయకండి. అక్షింతల పురుగుల్లో చాలా రకాలు పేనుబంకను తిని మనకు మేలు చేస్తాయి. వాటిని చంపితే పేనుబంక ఇంకా పెరుగుతుంది. అదే పోలికతో ఉండే ఎపిలాక్నా పెంకు పురుగు మాత్రం ఆకు పచ్చదనాన్ని గోకి తిని, ఈనెలను జల్లెడలా మిగులుస్తుంది. మామూలుగా చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గరి ఫొటోలో తేడా తెలుస్తుంది.

ఉదయం చల్లని వేళలో పురుగులు అంతగా కదలవు, అప్పుడే ఫొటో తీయండి. ముందు సెల్‌ఫోన్ కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. ఫోన్‌ను మరీ దగ్గరగా పెడితే బొమ్మ మసకబారుతుంది. జానెడు దూరంలో ఉంచి, రెండింతలు జూమ్ చేసి, తెరపై పురుగు మీద వేలితో తాకి నొక్కండి. గాలికి ఆకు ఊగకుండా కాడను రెండో చేత్తో పట్టుకోండి. ఎండ నేరుగా పడితే పెంకు మెరిసి మచ్చలు కనబడవు, మీ నీడ పడేలా నిలబడండి. ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే మంచిదే గానీ, ఈ పనికి అది తప్పనిసరి కాదు.

ఇప్పుడు ఫొటోను పెద్దది చేసి చూడండి. ఎపిలాక్నా వీపు మెరవదు, దానిపై సన్నని నూగు ఉంటుంది. వంగపై తరచుగా కనిపించే రకానికి 28 మచ్చలుంటాయి. మిత్ర పురుగు వీపు నూనె రాసినట్టు నున్నగా ఉంటుంది. పిల్ల పురుగుల్లో తేడా ఇంకా స్పష్టం. పసుపు రంగులో పొట్టిగా, ఒళ్లంతా చీలికల ముళ్లతో ఉంటే ఎపిలాక్నా. నల్లగా, పొడవుగా, బుల్లి మొసలిలా చురుగ్గా పాకేది మిత్ర పురుగు పిల్ల. చూడటానికి వికారంగా ఉందని దాన్ని నలిపేయకండి.

గుడ్లను బట్టి తేల్చడం కష్టం. రెండూ ఆకులపై పసుపు గుడ్లను గుంపుగా, నిలబెట్టినట్టు పెడతాయి. పిల్లలు బయటికొచ్చే దాకా ఆగండి.

ఎపిలాక్నా అని తేలితే పెరట్లో నాలుగు మొక్కలకు చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేస్తే చాలు. అనుమానం తీరకపోతే మొక్క మొత్తం, ఆకు అడుగు భాగం, పురుగు పక్కన అగ్గిపుల్ల పెట్టి దగ్గరి ఫొటో, ఈ మూడూ మీ ఉద్యాన అధికారికి పంపండి. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే స్పష్టత తగ్గదు.