పిల్లి రక్తం చెప్పిన సాక్ష్యం

మన పెంటపాడులోగాని, తాడేపల్లిగూడెంలోగాని నాలుగు రోజులైనా జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించుకొమ్మంటారు. అందులో వైడల్ పరీక్ష పేరు చాలామంది విన్నదే. 1896లో ఫెర్నాండ్ వైడల్ అనే ఫ్రెంచి వైద్యుడు దీనిని వాడుకలోకి తెచ్చినాడు. రోగి రక్తరసిని టైఫాయిడ్ క్రిములతో కలిపితే ఆ క్రిములు ఒకదానికొకటి అంటుకొని గుంపులు కడతాయి. క్రిములను ఎదుర్కొనడానికి శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలే ఇందుకు కారణం.

అయితే ప్రతిరక్షకం అడుగుజాడ వంటిది. కొల్లేటి గట్టున బురదలో జాడ చూచి పక్షి వచ్చినదని చెప్పగలం. అది ఇంకా అక్కడే ఉన్నదా, దగ్గరి పోలిక గల రెండు జాతులలో ఏది అని అడిగితే చెప్పడం కష్టం. ఈ చిక్కు ప్రాణాలమీదికి కూడ తెస్తుందని పిల్లుల కరోనా వైరస్ చరిత్ర చెబుతున్నది.

1963లో అమెరికాలోని బోస్టన్ నగరంలో పశువైద్యురాలు జీన్ హోల్జ్‌వర్త్ పిల్లులలో ఒక వ్యాధిని వర్ణించినారు. జ్వరం విడువదు, తరచు పొట్టలో నీరు చేరుతుంది, పిల్లి చిక్కి చనిపోతుంది. 1970లో వార్డ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వ్యాధి కారకానికి కరోనా వైరస్‌లతో పోలిక ఉన్నదని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో చూపినాడు.

1976లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ ఈ వ్యాధికి రక్తపరీక్ష ఫలితాలను ప్రకటించినాడు. వైరస్ సోకిన కణాలపై పిల్లి రక్తరసిని వేస్తారు. దానిలో తగిన ప్రతిరక్షకాలుంటే అవి అక్కడ అతుక్కుంటాయి. తరువాత మెరిసే రంగు కట్టిన మరొక ప్రతిరక్షకాన్ని చేర్చి చూస్తే ఆ చోటు వెలుగుతుంది. జబ్బు పిల్లుల రక్తం వెలుగు చూపినది. కాని ఆరోగ్యంగా ఆడుకొంటున్న ఎన్నో పిల్లుల రక్తం కూడ వెలుగు చూపినది! ఈ ఫలితాన్ని మరణశాసనంగా భావించి, ఏ జబ్బూ లేని పిల్లులను చంపించిన సందర్భాలున్నవి.

చిక్కుముడి క్రమంగా విడినది. పిల్లుల పేగులలో నివసించే కరోనా వైరస్ ఒకటున్నదని, అది సాధారణంగా స్వల్పమైన విరేచనాలకు మించి హాని చేయదని 1981లో పెడర్సన్ బృందం తెలిపినది. ఆ సాధు వైరస్సే కొన్ని పిల్లుల దేహంలో మార్పు చెంది ప్రాణాంతకమవుతుందని 1998లో వెలువడిన పరిశోధన చూపినది. రెండూ దాదాపు ఒకే రూపంలో ఉన్నప్పుడు ప్రతిరక్షకాలు వాటిని ఎలా వేరు చేయగలవు?

మరొక విభజన మాత్రం సాధ్యమైనది. పిల్లి కరోనా వైరస్‌లలో మొదటి రకం, రెండవ రకం అని రెండున్నవి. రెండవ రకం కుక్కల కరోనా వైరస్ నుండి ముళ్ల భాగాన్ని తెచ్చుకొన్నది. ముళ్లు వేరు కనుక, ఏ రక్తరసి ఏ వైరస్‌ను నిర్వీర్యం చేస్తుందో చూచి రకాన్ని గుర్తించవచ్చును. అయితే రకం తెలిసినంత మాత్రాన పిల్లి బ్రతుకుతుందో లేదో తెలియదు. ఏ రకమైనా స్వల్పంగా పోవచ్చును, చంపనూవచ్చును.

తగిన ప్రతిజనకాన్ని ఎన్నుకొంటే పరీక్ష ఎంత చక్కగా పనిచేస్తుందో 2020లో తెలిసినది. చైనాలోని వూహాన్‌లో కోవిడ్ వ్యాపించిన తరువాత సేకరించిన 102 పిల్లుల రక్తరసులను శాస్త్రజ్ఞులు పరీక్షించినారు. కోవిడ్ వైరస్ కణానికి అతుక్కొనే ముళ్ల భాగాన్నే ప్రతిజనకంగా వాడినారు. 15 పిల్లులలో ప్రతిరక్షకాలు కనబడినవి. అంతకు పూర్వం సేకరించిన 39 నమూనాలలో ఒక్కదానిలోను లేవు. పిల్లుల పాత వైరస్‌లపై లేచిన ప్రతిరక్షకాలు ఈ పరీక్షను మోసగించలేదు.

కనుక రక్తపరీక్ష చీటీ చేతికి వచ్చినప్పుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పరీక్షలో వాడిన ప్రతిజనకమేది? ఈ ప్రతిరక్షకం నేటి జబ్బుదా, నిన్నటి జబ్బుదా? టీకా పొందినవానికి గాని, ఇదివరకే టైఫాయిడ్ వచ్చి తగ్గినవానికి గాని వైడల్ పరీక్ష ఫలితం కనబడవచ్చును. అందుచేతనే వారం పది రోజుల తరువాత మరల రక్తం తీసి, ప్రతిరక్షకాల పాళ్లు పెరిగినవా అని చూడడం మంచి పద్ధతి. ఒక్క జాడను చూచి తీర్పు చెప్పరాదని ఆ పిల్లులు మనకు నేర్పినవి.