కుందుర్పి బోరుబావి – విద్యుచ్ఛక్తి పొదుపు

అనంతపురం జిల్లా పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న ఊరు కుందుర్పి. జిల్లాలో సాలీనా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. నేల అడుగున ఉన్నది కఠినశిల. నీరు నిలిచేది పైనున్న శిథిలశిల పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే. ఇటువంటి చోట విద్యుచ్ఛక్తి చరిత్ర అంటే దీపాల చరిత్ర కాదు, నీటిని పైకి తోడిన చరిత్ర.

పూర్వం ఈ సీమలో కపిల తోలెడివారు. తోలుసంచిని మోకుకు కట్టి, ఎద్దుల జతను వాలు మీద దింపి నీటిని పైకి లాగెడివారు. ఎద్దులు అలసిపోతే తోడకం ఆగిపోయెడిది. బావికి అదే కాపలా. తరువాత ఆయిలింజన్లు వచ్చినవి. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడిన పిమ్మట పల్లెలకు తీగలు సాగినవి, బావుల ఒడ్డున మోటార్లు వెలసినవి. మోటారుకు అలసట లేదు. బావులు ఎండినకొద్దీ బోర్లు వచ్చినవి. బోర్లు ఎండినకొద్దీ మరింత లోతైన బోర్లు వచ్చినవి.

ఇక్కడ కొంచెం లెక్క చూడవలసి ఉన్నది. వెయ్యి లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తు లేపడానికి సుమారు 9,800 జౌళ్ల శక్తి కావలెను. ఒక యూనిట్టు విద్యుత్తు అంటే 36 లక్షల జౌళ్లు. కనుక నష్టమే లేకపోతే ఒక యూనిట్టుతో ఆ నీటిని 367 మీటర్ల ఎత్తుకు తీసుకుపోవచ్చును. కాని మన పొలాల్లోని పంపుల దక్షత తరచుగా నూటికి ముప్పయికి మించదు. మోటారు కాలిపోతుంది, మళ్లీ వైండింగు చేయిస్తారు. వోల్టేజి తగ్గుతుందన్న భయంతో అవసరానికి మించిన మోటారును దించుతారు. గొట్టం ఇరుకు, ఫుట్‌వాల్వు బిగుతు. ఈ దక్షతతో 10 మీటర్ల బావి నుండి వెయ్యి లీటర్లు తోడడానికి యూనిట్టులో పదోవంతైనా పట్టదు. 150 మీటర్ల బోరు నుండి తోడితే 1.36 యూనిట్లు పడుతుంది. పంట అదే, నీరు అంతే, కరెంటు మాత్రం పదిహేను రెట్లు!

ఈ పెరుగుదల రైతు లెక్కలోకి రాలేదు. 1980ల తొలినాళ్లలోనే సేద్యపు మోటార్లకు మీటరు లెక్క పోయి, అశ్వశక్తినిబట్టి సాలుకు ఇంత అని రుసుము నిర్ణయించినారు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వై. ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత విద్యుత్తు ఫైలుపై తొలి సంతకం చేసినారు. వరుస కరవులతో అప్పులపాలైన మెట్టరైతుకు అది ఊపిరి పోసినది. ఆ నిర్ణయాన్ని తేలికగా తీసివేయదలచేవారు అనంతపురం వేరుసెనగ చేలను ఒక ఆగస్టు మాసంలో చూడవలెను.

విద్యుత్తు పొదుపుకు సొమ్ము ఎవరు పెట్టవలెనన్న ప్రశ్న అమెరికాలో 1973 చమురు సంక్షోభం తరువాత బలంగా తలయెత్తినది. కొత్త విద్యుత్కేంద్రాన్ని కట్టడంకంటె ఉన్న వాడకాన్ని తగ్గించడం చౌక అని అక్కడి నిపుణులు లెక్కలు కట్టినారు. కాని కరెంటు అమ్ముకొని బ్రతికే కంపెనీ, తక్కువ వాడండని ఎందుకు చెబుతుంది? ఈ చిక్కు విప్పడానికి కాలిఫోర్నియాలో 1982 నుండి కంపెనీ రాబడిని అమ్మకాల పరిమాణంతో ముడిపడకుండ విడదీసినారు. 1996లో అక్కడి శాసనసభ వినియోగదారుల బిల్లులలోనే పొదుపు కార్యక్రమాలకై ఒక చిన్న రుసుమును చేర్చినది. అందరూ తలా కొంత వేసుకొని, ఆ నిధితో మంచి దీపాలు, మంచి యంత్రాలు పెట్టించుకొనే ఏర్పాటన్నమాట.

మన రాష్ట్రంలో చిక్కు దీనికి తలక్రిందులుగా ఉన్నది. సేద్యానికి పోయే ప్రతి యూనిట్టు కంపెనీకి రాబడి లేని ఖర్చు. ఆ లోటును ప్రభుత్వ ఖజానా కొంతవరకు, పరిశ్రమలు, దుకాణాలు హెచ్చుధర చెల్లించి మరికొంతవరకు పూడుస్తున్నవి. కనుక పొదుపువల్ల లాభం కంపెనీది, ఖజానాది. పంపు మార్చే ఖర్చు, మారిస్తే నీరు తగ్గుతుందేమోనన్న భయం రైతువి. బిల్లుకు కొత్తగా రుసుము చేర్చడమూ సులభం కాదు. 2000 ఆగస్టులో చార్జీల పెంపుపై హైదరాబాదులో సాగిన ఆందోళన బషీర్‌బాగ్ కాల్పులతో ముగిసిన సంగతి ఎవరూ మరువలేదు.

2005లో ఒక మధ్యేమార్గం వచ్చినది. ఉచిత విద్యుత్తు పొందే రైతు తగిన కెపాసిటరు, ఘర్షణలేని ఫుట్‌వాల్వు, నునుపైన ప్లాస్టిక్ గొట్టాలు, మోనోబ్లాకు లేక సబ్‌మెర్సిబుల్ పంపు అమర్చుకోవలెనని విద్యుత్ నియంత్రణ మండలి షరతు పెట్టినది. శాస్త్రరీత్యా నాలుగూ సరియైనవే. కాని ఖర్చు రైతుపైన, ఫలం ఇతరులకు. గడువులు పొడిగింపబడుతూ పోయినవి.

దీపం సంగతి వేరుగా జరిగినది. 2014–15లో అనంతపురంతో సహా నాలుగు జిల్లాలలో, ఒక్కొక్క ఇంటికి రెండు ఎల్.ఇ.డి. బల్బులు, బల్బుకు పదేసి రూపాయలకు, పాత బల్బులు తీసుకొని ఇచ్చినారు. కేంద్రప్రభుత్వ సంస్థ ఇ.ఇ.ఎస్.ఎల్. టోకున కొని పంచినది. మిగిలిన సొమ్మును విద్యుత్ కంపెనీ, తనకు మిగిలిన కరెంటు కొనుగోలు ఖర్చులోనుండి, ఏటేటా తీర్చే ఏర్పాటు. 60 వాట్ల బదులు 7 వాట్లు: రెండు బల్బులు రోజుకు అయిదు గంటలు వెలిగితే ఏడాదికి 190 యూనిట్లకు పైగా ఆదా. దేశవ్యాప్తంగా టోకు కొనుగోలు పెరగగా 2014లో 310 రూపాయలున్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగినది. వెలుగు తగ్గలేదు, బిల్లు తగ్గినది. ఇంటివారిని ఎవరూ ఒప్పించనక్కరలేకపోయినది.

అదే పద్ధతిలో పంపులు మార్చే ప్రయోగం తూర్పుగోదావరి జిల్లా రాజానగరం మండలంలో ఇ.ఇ.ఎస్.ఎల్. చేపట్టినది. ఆ పద్ధతిని కుందుర్పికి తెస్తే ఏమవుతుంది? బల్బుకు, పంపుకు ఒక ముఖ్యభేదం ఉన్నది. సేద్యానికి కరెంటు రోజుకు ఇన్ని గంటలని వస్తుంది. రైతు ఆ గంటలన్నీ మోటారు నడుపుతాడు. మోటారు అశ్వశక్తి తగ్గించకుండ పంపు దక్షత మాత్రం పెంచితే కరెంటు ఆదా కాదు, నీరు ఎక్కువ వస్తుంది. ఇంకొక తడి పెట్టవచ్చును గనుక రైతుకు సంతోషమే. కాని బోరులో నీటిమట్టం ఇంకా దిగుతుంది. పై లెక్కనే చూడండి. పంపు దక్షత నూటికి 30 నుండి 45కు పెరిగితే, 150 మీటర్ల లోతున వెయ్యి లీటర్లకు 1.36 యూనిట్ల బదులు 0.91 చాలును. నీరు 225 మీటర్లకు దిగిన రోజున తిరిగి 1.36 యూనిట్లే! వినియోగదారులందరూ వేసుకొన్న సొమ్ము ఆ 75 మీటర్ల రంధ్రంలో పడిపోయినట్లే.

అందుచేత కరవు పీఠభూమిలో పొదుపు నిధి యూనిట్లను మాత్రమే కొలిస్తే చాలదు, నీటిని కూడ కొలవవలెను. మిగిల్చిన కరెంటు విలువలో ఊరికి వాటా ఇచ్చి, దానిని నీటిమట్టంతో ముడిపెట్టడం ఒక మార్గం. 2020లో రాష్ట్ర ప్రభుత్వం సేద్యపు మోటార్లకు మీటర్లు పెట్టి, సబ్సిడీని నేరుగా రైతు ఖాతాలో వేయదలచి శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం ఆరంభించినది. మీటరు యూనిట్లను చూపుతుంది, బోరు లోతును చూపదు.

లోతును కొలిచే పని రైతులకు చేతకానిది కాదు. 2003 తరువాత కొన్నేళ్లపాటు అనంతపురంతో కలిపి ఏడు కరవు జిల్లాలలో రైతులే భూగర్భజల పథకం క్రింద బోర్లలో నీటిమట్టాన్ని, వానను కొలిచినారు. ఆ అంకెలను ఊరి గోడల మీద అందరికీ కనబడేటట్లు వ్రాసి, రబీ ముందు కూర్చుండి, ఉన్న నీటికి ఏ పంట ఎన్ని ఎకరాలు పట్టునో లెక్క చూసుకొన్నారు. ఆ లెక్కలో వరి ఎకరాలు తగ్గించుకొన్నవారు కరెంటును గురించి ఆలోచించి ఉండకపోవచ్చును. అయినను ఆ మేరకు కరెంటూ మిగిలినది. అందుకు వారికి ఏ నిధినుండీ ఒక్క రూపాయి వచ్చే ఏర్పాటు లేకపోయినది.