శాతాన్ని పాతికతో భాగిస్తే జీపీఏ రాదు

విజయవాడ: అమెరికా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు నింపుతున్న విద్యార్థిని తికమకపెట్టే గడి ఒకటుంది. అదే జీపీఏ. చేతిలోని మార్కుల జాబితాలో 68 శాతం అని ఉంటుంది. దరఖాస్తు మాత్రం నాలుగుకు ఎంత అని అడుగుతుంది. చాలామంది 68ని 25తో భాగించి 2.72గా తేల్చుకుంటున్నారు. ఎంఎస్ ప్రవేశాలకు పలు విశ్వవిద్యాలయాలు కనీసం 3.0 కోరుతుండటంతో అర్హత లేదని అక్కడితో విరమించుకునేవారూ ఉన్నారు. జేఎన్‌టీయూ లెక్కలో 68 శాతమంటే ప్రథమ శ్రేణి. భాగహారం చేసి ఆ విద్యార్థి తన శ్రేణిని తానే తగ్గించుకున్నట్లయింది.

రెండు చోట్లా వేరే కొలత

అమెరికాలో ‘ఎ’ గ్రేడుకు 4, ‘బి’కి 3, ‘సి’కి 2, ‘డి’కి 1 పాయింటు ఇస్తారు. ‘ఎఫ్’కు సున్నా. అక్కడి పాఠశాలల్లో సాధారణంగా 90 దాటితేనే ‘ఎ’ వస్తుంది, 60 లోపు వస్తే తప్పినట్లే. మన ఇంజినీరింగ్‌లో శాతాల పద్ధతి నడిచిన కాలంలో 40కి ఉత్తీర్ణత, 60కి ప్రథమ శ్రేణి, 70కి డిస్టింక్షన్. ఇక్కడ ప్రథమ శ్రేణి మొదలయ్యే చోట అక్కడ ఉత్తీర్ణత మొదలవుతుంది. అందుకే మార్పిడి చేసే సంస్థలు శాతాన్ని కాక, ఆ శాతానికి ఇక్కడ దక్కే శ్రేణిని చూస్తాయి. భారతీయ డిగ్రీల్లో 60 దాటిన మార్కును సాధారణంగా ‘ఎ’గా, 50లలోని మార్కును ‘బి’ స్థాయిగా తీసుకుంటాయి. ఈ లెక్కన 68 శాతం సగటు ఉన్న విద్యార్థికి 3.0కు పైన రావడం మామూలే.

ఈ పని చేయడానికి అమెరికాలో ప్రభుత్వ కార్యాలయమేదీ లేదు. అక్కడి విద్యాశాఖ విదేశీ డిగ్రీలను మదింపు చేయదు. ప్రైవేటు సంస్థలే చేస్తాయి. వాటి సంఘం నేసెస్ 1987లో ఏర్పడింది. మనవారికి బాగా తెలిసిన న్యూయార్క్‌లోని వరల్డ్ ఎడ్యుకేషన్ సర్వీసెస్, మిల్వాకీలోని ఈసీఈ అందులో సభ్యులు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఈ నివేదిక అడుగుతాయి. మరికొన్ని మన మార్కులను ఉన్నదున్నట్లు పంపమని, మార్పిడి తామే చేసుకుంటామని స్పష్టంగా చెబుతాయి. అలాంటిచోట సొంత లెక్క రాయడం అనవసరం. నివేదికకు రుసుము కట్టే ముందు ఆ విశ్వవిద్యాలయం ఏది కోరుతోందో చూసుకోవాలి.

క్రెడిట్ల బరువు

మొత్తం శాతాన్ని ఒకేసారి మార్చరు. సబ్జెక్టువారీగా గ్రేడు వేసి, దాన్ని క్రెడిట్లతో గుణిస్తారు. ఉదాహరణకు 3 క్రెడిట్ల సబ్జెక్టులు రెండింటిలో ‘ఎ’, 4 క్రెడిట్ల గణితంలో ‘బి’, 2 క్రెడిట్ల ల్యాబ్‌లో ‘ఎ’ వచ్చాయనుకుందాం. పాయింట్లు వరుసగా 12, 12, 12, 8. మొత్తం 44ను 12 క్రెడిట్లతో భాగిస్తే 3.67. క్రెడిట్లు వదిలేసి నాలుగు గ్రేడ్ల సగటు తీస్తే 3.75 వస్తుంది. గణితంలో తగ్గిన గ్రేడు ల్యాబ్‌లో తగ్గిన గ్రేడు కన్నా ఎక్కువ నష్టం చేస్తుందన్నమాట.

పదికి సీజీపీఏ ఉన్న బ్యాచ్‌ల ఇబ్బంది ఇంకోటి. 7.75ను పదితో గుణిస్తే 77.5, సీబీఎస్ఈ ఒకప్పుడు పదో తరగతికి చెప్పిన 9.5తో గుణిస్తే 73.6, ఏఐసీటీఈ పట్టిక ప్రకారం 70 శాతం. ఒకే విద్యార్థికి మూడు శాతాలు! మార్కుల జాబితా వెనుకో, తమ బ్యాచ్ రెగ్యులేషన్‌లోనో ముద్రించిన సూత్రమే చెల్లుతుంది. పక్క కళాశాల మిత్రుడి సూత్రం పనికిరాదు.

ఇంటర్ తర్వాత వెళ్లేవారికి

బ్యాచిలర్ డిగ్రీకి వెళ్లేవారిని తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు నాలుగేళ్ల మార్కులు అడుగుతారు. కృష్ణా తీరంలో పదో తరగతి ఒకచోట, ఇంటర్ మరోచోట చదవడం రివాజు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు అప్పటికి ఎవరి దగ్గరా ఉండదు. పాత పాఠశాల నుంచి సంతకం, ముద్రతో ముందే తెచ్చుకోవడం మేలు. 2012 నుంచి కొన్నేళ్లపాటు పదో తరగతి ఫలితాలను పదికి గ్రేడు పాయింట్లలో ఇచ్చారు. పేరు జీపీఏ అయినా అది అమెరికా నాలుగు పాయింట్ల జీపీఏ కాదు. ‘కామన్ యాప్’ దరఖాస్తులో పాఠశాల జీపీఏ ఇవ్వకపోతే ‘లేదు’ అని ఎంచుకునే వీలుంది. అది దాచిపెట్టడం కిందకు రాదు.

జర్మనీలో తిరగబడిన లెక్క

అక్కడ 1 అత్యుత్తమం, 4 కనీస ఉత్తీర్ణత. గరిష్ఠ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేసి, గరిష్ఠానికీ ఉత్తీర్ణత మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలుపుతారు. 40 ఉత్తీర్ణతగా ఉన్నచోట 75 వస్తే 2.25 అవుతుంది. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు ఏపీఎస్ ధ్రువపత్రం కూడా తప్పనిసరైంది.

ట్రాన్‌స్క్రిప్టులతో జాగ్రత్త

బ్యాక్‌లాగ్‌లు కన్సాలిడేటెడ్ మెమోలో కనిపించకపోవచ్చు. సెమిస్టరువారీ మెమోల్లో కనిపిస్తాయి. వాటిని ‘సరిచేసి’ ఇస్తామనే దళారుల మాట నమ్మితే ప్రవేశంతోపాటు వీసా కూడా పోయే ప్రమాదముంది. మదింపు సంస్థలు విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చిన పత్రాలనే పరిగణిస్తాయి. సీలు వేసిన కవరు ఇస్తే దాన్ని ఇంట్లో విప్పకూడదు. విప్పితే మళ్లీ రుసుము కట్టి కొత్తది తెచ్చుకోవాల్సిందే. దరఖాస్తు గడువుకు రెండు మూడు నెలల ముందే విశ్వవిద్యాలయ పరీక్షల విభాగానికి అర్జీ పెట్టుకుంటే హడావుడి ఉండదు.